ప్రార్థనకూ కులమున్న నేలపై అజరయ్య

కులవ్యవస్థ దళితుల నుంచి భూమిని, నీటిని, చదువును లాక్కున్న తీరుపై ఎంతో చర్చ జరిగింది. అది లాక్కున్న మరొకదాని గురించి జరిగిన చర్చ తక్కువ. దైవం ఎదుట నిశ్చలంగా కూర్చునే హక్కు అది. గుడి గడప, మంత్రం, పవిత్ర గ్రంథం మాత్రమే కాదు, తపస్సు సైతం ఈ నేలపై కులాన్ని బట్టి పంచిన ఆస్తే. శంబూకుని తల తెగింది తపస్సు చేసినందుకే. అయినా అడుగు కులాల ఆధ్యాత్మిక దాహం ఆగలేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య పేరు నిలిచి ఉంది. రాజయోగ సాధన చేసిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో క్రైస్తవం స్వీకరించి, ఒంగోలు ప్రాంతంలో పెద్ద సామూహిక చలనానికి దారి వేశాడు. ఈ వరుసలోనే దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితాన్ని చదవాలి. ప్రార్థనను వెలివాడ దైనందిన జీవితంలో భాగం చేయడానికి ఆయన మూడు దశాబ్దాలకు పైగా శ్రమించారు.

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి తామస్ వేదనాయగం గ్రామ పాస్టరు. వారిది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీసే వృత్తితో ముడిపెట్టి ఆ కులాన్ని ఆలయాలకు దూరంగా ఉంచేవారు. 1897లో కముది ఆలయంలోకి నాడార్లు ప్రవేశించినప్పుడు వివాదం న్యాయస్థానాలకెక్కింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1908లో తుది తీర్పు చెబుతూ వారికి ఆలయ ప్రవేశ హక్కు లేదని తేల్చింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన అజరయ్యకు ఆ ఆలయంతో పనిలేకపోవచ్చు. కానీ ప్రార్థనా స్థలం తలుపు పుట్టుకను బట్టి మూసుకుంటుందన్న సత్యం ఆయన కాలంలో, ఆయన జాతి అనుభవంలోనే రుజువైంది. ఆ తీర్పు వెలువడిన మరుసటి ఏడాదే ఆయన దోర్నకల్‌లో అంటరాని కులాల మధ్య పనిచేయడానికి గురువుగా అభిషేకం పొందారు.

అంతకు ముందు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. ప్రతి ఉదయం కొంతసేపు ఒంటరిగా గ్రంథం చదివి ధ్యానించడం ఆనాటి క్రైస్తవ విద్యార్థి ఉద్యమం నేర్పిన క్రమశిక్షణ. మతప్రచారానికి విదేశీయుల ధనం, నాయకత్వం అక్కర్లేదన్న ఆలోచన కూడా ఈ సంచారంలోనే బలపడింది. ఆయన చొరవతో 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని కార్యక్షేత్రంగా ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతం. ఉద్యోగం, పలుకుబడి విడిచి, తెలుగు నేర్చుకుని, అజరయ్య ఆ పల్లెలకే వచ్చారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సదస్సులో తెల్ల మిషనరీల ఆధిక్య ధోరణిని ముఖం మీదే ప్రశ్నించి, ఉపకారం కాదు స్నేహం కావాలని కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. భారతీయుడి కింద పనిచేయడానికి పలువురు యూరోపియన్ మిషనరీలు సుముఖంగా లేని రోజులవి.

దోర్నకల్‌లో ఆయన ముందున్న ప్రశ్న సులువైనది కాదు. పగలంతా దొర పొలంలో వెట్టి చేసి, చదువు లేక, అప్పులో పుట్టి అప్పులోనే పోయే మనిషికి ధ్యానం ఎలా సాధ్యం? సమాధానం గ్రామంలోనే దొరికింది. ప్రతి పల్లెకూ ఒక ఉపాధ్యాయుడు. వీరిలో చాలామంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారే. కాలక్రమంలో వీరి సంఖ్య రెండు వేలు దాటింది. పగలు బడి, పొద్దుగూకాక ఆరాధన. కూలి నుంచి తిరిగి వచ్చిన స్త్రీపురుషులు ఒకచోట కూర్చుని పరలోక ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను నోటికి నేర్చుకునేవారు. అక్షరం రానివారికి తెలుగు కీర్తనే గ్రంథమైంది. బైబిలు కథలు పాటగా, ఆటగా మారాయి. పంటల పండుగ ఆరాధనలో భాగమైంది. ఆ గంట దొరదీ కాదు, అప్పు ఇచ్చినవాడిదీ కాదు. రోజు మొత్తంలో వెట్టి మనిషికి సొంతంగా మిగిలిన కాలం అదొక్కటే.

ఈ సాధనను అజరయ్య బతుకు నుంచి విడదీయలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అన్న నాలుగు పీడలను వదిలించుకోవడం ఆయన దృష్టిలో ప్రార్థనకు కొనసాగింపే. ఆయన నిర్మింపజేసిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు, మినార్లు మసీదును, రాతి స్తంభాలు గుడిని తలపించే ఆ కట్టడంలో, ఏ ఆలయ మండపంలోకీ అడుగుపెట్టలేనివారు మండపం మధ్యన కూర్చున్నారు.

ఇక్కడే గాంధీతో ఆయన విభేదం అర్థమవుతుంది. 1936లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో సంభాషిస్తూ గాంధీ, మతాల మధ్య తేడాను తూచే వివేకం అంటరానివారికి లేదన్న అర్థంలో మాట్లాడారు. క్రైస్తవుల ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించిన జాతీయవాది అయినా, అజరయ్య ఈ వాదనను అంగీకరించలేదు. దోర్నకల్ పల్లెలే ఆయన జవాబు. మాల, మాదిగల జీవితాల్లో వచ్చిన మార్పును చూసి 1930లలో శూద్ర కులాలవారు సైతం వేల సంఖ్యలో ఆ సంఘాల్లో చేరారు. అంటే, వివేకం లేదని అనిపించుకున్నవారే ఊరికి ఆధ్యాత్మిక గురువులయ్యారు. దళితుడు మతం మారితే ఎవరో ప్రలోభపెట్టారనే అనుమానం నేటికీ వినిపిస్తుంది. దాని వేరు ఆనాటి మాటలోనే ఉంది. దళితునికి ఆకలి ఉంటుందని ఒప్పుకునేవారు, అతనికి ఆత్మ అన్వేషణ ఉంటుందని ఒప్పుకోరు.

అయితే అజరయ్య గెలవని పోరాటం ఒకటుంది. అది సంఘం లోపలి కులం. ఒకే బల్ల, ఒకే పాత్ర అని ఆయన పట్టుబట్టినా, మాల మాదిగల మధ్య దూరం, పై కులాల నుంచి వచ్చినవారి వెనుకంజ పూర్తిగా పోలేదు. పెళ్లి సంబంధాలు కులం గీత దాటలేదు. 1935లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించిన అంబేద్కర్, ఆ తర్వాత అజరయ్యతో జరిపిన సంభాషణలో, ముక్కలై ఉన్న క్రైస్తవ సంఘాల్లో తన ప్రజలు ఒక్కటిగా ఎలా ఉండగలరని నిలదీశారని అజరయ్య జీవిత చరిత్రలు చెబుతాయి. సంఘాల ఐక్యత కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచి అజరయ్య చేసిన కృషికి ఆ ప్రశ్న మరింత పదును పెట్టింది. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దోర్నకల్ ఆంగ్లికన్లు, మెదక్, నిజామాబాద్ ప్రాంతాల వెస్లియన్ మెథడిస్టులు ఒకే సంఘమయ్యారు. కోటగిరి, బోధన్ చెరకు పల్లెల క్రైస్తవ కూలీలకూ అజరయ్య జీవితానికీ ఉన్న బంధం ఇదే.

కానీ మిషన్ల మధ్య గోడ కూలినంత సులువుగా కులం గోడ కూలలేదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీలో చేర్చి సరిపెట్టారు. శంబూకునికి శిక్ష తపస్సు చేసినందుకు పడింది. చెరకు నరికి, సాయంత్రం మోకరించే కూలీ కూడా తన ప్రార్థనకు హక్కులతో మూల్యం చెల్లిస్తున్నాడు. ప్రార్థనతో కులం పోతుందని చట్టం నమ్ముతున్నట్లు నటిస్తోంది. కులం పోలేదని తెలిసీ సంఘ పెద్దలు మౌనం వహిస్తున్నారు. అజరయ్యను స్మరించడమంటే ఈ ఇద్దరినీ ప్రశ్నించడం.