విస్కాన్సిన్ వీరుడు లాఫాలెట్

అమెరికా అధ్యక్షపదవికి రెండు ప్రధానపక్షములను కాదని పోటీచేసినవారు పలువురు కలరు. వారిలో రాబర్టు లాఫాలెట్ చరిత్రము మిక్కిలి గమనింపదగినది.

ఆయన 1855వ సంవత్సరము జూన్ 14వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి ప్రింరోజ్‌లో కర్షకకుటుంబమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. 1879లో పట్టభద్రుడై, న్యాయవాదవృత్తి నవలంబించి, 1885 మొదలు ఆఱేండ్లు ప్రతినిధిసభలో రిపబ్లికన్ సభ్యుడుగా నుండెను. ఆ కాలమున రైతు పండించిన పంటకు రవాణా చార్జీలు నిర్ణయించునవి రైలు కంపెనీలు. పక్షనాయకులో, ఆ కంపెనీలకు వశులు. లాఫాలెట్ వారి నెదిరించెను. గవర్నరు పదవికి పక్షము తన్ను రెండుమార్లు నిరాకరించినను వెనుదీయక, 1900లో ఎన్నికయ్యెను. రైలు కంపెనీలపై న్యాయమైన పన్ను, చార్జీలపై అదుపు, పక్షాభ్యర్థులను ప్రజలే ఎన్నుకొను పద్ధతి ఆయన పాలనాఫలములు.

1906లో సెనేటున ప్రవేశించెను. 1917లో యుద్ధప్రవేశమునకు వ్యతిరేకముగా ఓటువేసిన ఆఱుగురు సెనేటర్లలో ఆయన యొకడు. దేశద్రోహి యని పలువురు నిందించిరి. సభనుండి వెడలగొట్టుటకును యత్నించిరి. ఐనను 1922లో విస్కాన్సిన్ ప్రజలు ఆయననే మరల గెలిపించిరి.

1924లో రిపబ్లికన్ కూలిడ్జికిని, డెమొక్రాట్ డేవిస్‌కును ఎదురుగా ఆయన ప్రోగ్రెసివ్ అభ్యర్థిగా నిలిచెను. కార్మికసంఘములు, రైతులు తోడ్పడిరి. సుమారు 48 లక్షల ఓట్లు, అనగా దేశపు ఓట్లలో ఆఱవవంతు, లభించెను. కాని ఆ బలము అంతటను సమముగా లేదు. ధాన్యపు ధరలు పడిపోయి అప్పులపాలైన ఉత్తర డకోటా మొదలు పసిఫిక్ తీరపు కాలిఫోర్నియా వరకు, పదునొకండు రాష్ట్రములలో ఆయన రెండవస్థానము నొందెను. దక్షిణమున నన్ననో ఆయన మాట చెల్లలేదు. అంతర్యుద్ధకాలము నాటినుండి అచటి శ్వేతజాతీయులు డెమొక్రాట్లను విడువరైరి. నీగ్రోలలో పెక్కుమందికి ఓటే దక్కనీయరైరి.

అధ్యక్షుని ఎన్నుకొను ఎలక్టర్లు రాష్ట్రముల వారీగా ఏర్పడుదురు. 1924లో రాష్ట్రమున ప్రథముడైనవానికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందఱు దక్కిరి. ద్వితీయునికి ఒక్కడును దక్కలేదు. కావున 531 మందిలో లాఫాలెట్‌కు లభించినవారు విస్కాన్సిన్‌కు చెందిన 13 మంది మాత్రమే.

1925 జూన్ 18న ఆయన దివంగతుడయ్యెను. ఒకప్పుడు ఆయనను వెడలగొట్టజూచిన సెనేటే 1957లో తన చరిత్రయందలి ఐదుగురు ఉత్తమ సభ్యులలో నొకనిగా ఆయనను ఎన్నుకొనెను. ఆ గౌరవమును చూచుటకు ఆయన లేకపోయినను, కష్టకాలమున తన్ను విడువని విస్కాన్సిన్ ప్రజల విశ్వాసము ఆయనకు జీవించియుండగనే దక్కెను.