మబ్బుల అడవిలో ఒక్కడే: రిచర్డ్ స్ప్రూస్ కథ

ఈ రోజుల్లో సోలో ట్రిప్ అంటే భుజాన ఒక బ్యాగ్, జేబులో పవర్ బ్యాంక్, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్. భాష రాకపోతే ట్రాన్స్‌లేషన్ యాప్ ఉండనే ఉంది. ఇవేవీ లేని కాలంలో, ఆరోగ్యం కూడా సరిగ్గా లేని ఒక లెక్కల మాస్టారు దక్షిణ అమెరికా వెళ్ళి 15 ఏళ్ళు అక్కడి అడవుల్లో తిరిగాడు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనవి ఏంటో తెలుసా? నాచు మొక్కలు. మనం జారిపడతామని బ్రష్ పెట్టి గీకేస్తామే, ఆ జాతివి.

రిచర్డ్ స్ప్రూస్ 1817లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, గాన్‌థోర్ప్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. కొడుకు కూడా యార్క్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. 1844లో ఆ స్కూల్ మూతపడింది. ఊపిరితిత్తులు బలహీనం, చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం పోయింది. అప్పుడు ఆయన తనకి బాగా వచ్చిన ఒకే ఒక్క పనిని జీవనాధారం చేసుకున్నాడు. మొక్కల్ని సేకరించి, ఎండబెట్టి, పంపించడం. జార్జ్ బెంథం అనే పెద్ద వృక్షశాస్త్రవేత్త వాటిని తీసుకుని ముందే చందా కట్టినవాళ్ళకి పంచేవాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సబ్‌స్క్రిప్షన్ మోడల్. ఆ చందాల మీద భరోసాతో 1849లో ఓడెక్కి బ్రెజిల్ చేరాడు.

అక్కడ మొదలైంది భాషల సమస్య. బ్రెజిల్‌లో పోర్చుగీస్. నది పొడుగునా తెగల వాళ్ళూ వ్యాపారులూ కలిసి మాట్లాడుకునే లింగువా జెరాల్. 1853లో సరిహద్దు దాటి వెనిజులా వెళితే స్పానిష్. వీటిని ఎక్కువగా పడవ నడిపేవాళ్ళ మధ్యా, సంతల్లోనూ ఉండి వంటబట్టించుకున్నాడు. అంతటితో ఆగలేదు, అమెజాన్ తెగల భాషలు 21 తీసుకుని వాటి మాటల పట్టికలు తయారుచేశాడు.

1854లో ఓరినోకో నది ప్రాంతంలో ఆయనకి మలేరియా పట్టుకుంది. సాన్ ఫెర్నాండో అనే ఊళ్ళో 38 రోజులు మంచంలోనే. చూసుకోవడానికి పెట్టుకున్న ఆవిడ సేవ చెయ్యకపోగా, ఈ పరాయివాడు ఎప్పుడు పోతాడా అని గట్టిగానే తిట్టుకునేది. ఆ తిట్లన్నీ ఆయనకి అర్థమయ్యాయి. కొత్త భాష వచ్చిందని సంతోషించే సందర్భం కాదు కదా!

కానీ అదే ఏడాది ఇంకో భాష ఆయన ప్రాణం కాపాడింది. రియో నెగ్రో నదిలో తిరిగొస్తూ ఒక రాత్రి ఒడ్డున ఆగారు. ఆయన నిద్రపోయాడనుకుని పడవ నడిపే నలుగురూ ఆయన్ని చంపి సామాను తీసుకుపోదామని లింగువా జెరాల్‌లో మాట్లాడుకుంటున్నారు. దొరకి మన మాటలు ఏం తెలుస్తాయిలే అని వాళ్ళ ధీమా. ఆయన ఏమీ విననట్టే లేచి, పడవలోకి వెళ్ళి, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. ప్రయాణం సాగింది.

1855లో ఆయన పెరూలోని తారాపోతో చేరి, దాదాపు రెండేళ్ళు అక్కడే ఉన్నాడు. 1857లో ఈక్వెడార్ వైపు బయల్దేరాడు. ఇక్కడే ఆండీస్ తూర్పు వాలుల్లో మబ్బుల అడవులు ఉంటాయి. అమెజాన్ మీదుగా వచ్చే తడిగాలి కొండకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, పొగమంచుగా మారి చెట్ల మధ్యే నిలిచిపోతుంది. వాన పడకపోయినా ఆకుల నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ప్రతి కొమ్మకీ నాచు జడల్లా వేలాడుతుంది. ఆ నాచే స్పాంజిలా నీటిని పట్టి ఉంచి, మెల్లగా కింది వాగులకి వదులుతుంది. మామూలు ప్రయాణికుడికి అది బట్టలు ఆరని, నిప్పు రాజుకోని నరకం. స్ప్రూస్‌కి మాత్రం స్వర్గం.

ఆ దారిలో తోపో అనే నది అడ్డొచ్చింది. వరద పోటెత్తి ఉంది, వాన ఆగట్లేదు, తిండి అయిపోవస్తోంది. కొన్ని రోజులు చూసి చూసి, చివరికి ఆయన వెంట వచ్చిన కూలీలు బండల మీద వెదుళ్ళు పరిచి వంతెన కట్టారు. మనుషులు దాటగలిగారు కానీ పెట్టెలు దాటలేదు. వాటిని అక్కడే ఆకుల పందిరి కింద వదిలెయ్యాల్సి వచ్చింది. ఇంత కంగారులోనూ ఆయన ఆ నది ఒడ్డు పొదల మీద ఒక చిన్న మొక్కని గమనించాడు. నాచుకి దగ్గరి చుట్టం, లివర్‌వర్ట్ అంటారు. తర్వాత దానికి మిరియోకోలియా ఇర్రోరాటా అని పేరు పెట్టాడు.

ఒక్కడే అంటున్నాను కానీ, ఆ వెదురు వంతెన కట్టినవాళ్ళు లేకపోతే ఆయన కథ అక్కడితో అయిపోయేది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకం అట్ట మీదా ఉండవు.

తర్వాత వచ్చిన పని మన దేశానికి సంబంధించింది. మలేరియాకి అప్పట్లో పనిచేసే మందు క్వినైన్, మన పెద్దవాళ్ళు కొయినా అంటారే, అదే. అది ఆండీస్‌లో పెరిగే సింకోనా చెట్టు బెరడు నుంచి వస్తుంది. ఆ చెట్లని ఇండియాలో పెంచాలని బ్రిటిష్ ప్రభుత్వం అనుకుని, 1859లో ఎర్ర బెరడు రకం విత్తనాలు తెచ్చే బాధ్యత స్ప్రూస్‌కి ఇచ్చింది. అప్పుడు ఈక్వెడార్‌లో అంతర్యుద్ధం. దానికి తోడు 1860 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆయన నడుమూ కాళ్ళూ పడిపోయాయి. అయినా చింబొరాజో పర్వతం పడమటి వాలులకి వెళ్ళాడు. రాబర్ట్ క్రాస్ అనే తోటమాలితో కలిసి సుమారు లక్ష విత్తనాలు సేకరించి, 637 మొక్కల్ని తెప్పల మీద గుయాకిల్ రేవుకి చేర్చాడు. 1861 జనవరిలో క్రాస్ వాటితో ఓడెక్కాడు. విత్తనాలు ఊటీలో మొలిచాయి. నీలగిరి సింకోనా తోటల్లో ఎర్ర బెరడు చెట్ల మూలం ఇదే.

ఇది మంచి పనా, చెడ్డ పనా? అడవి సొంతదారులకి కౌలు డబ్బు కట్టే తీసుకున్నాడు, దొంగతనం కాదు. కానీ ఇండియా, సిలోన్, జావా తోటలు పెరిగాక ఆండీస్ బెరడు వ్యాపారం దెబ్బతింది. అక్కడ బెరడు వలిచి బతికేవాళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇటు చూస్తే మన్యంలో చలిజ్వరంతో జనం పోతున్న కాలం. రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేది 1897లో. అప్పటిదాకా జబ్బు ఎలా వస్తుందో తెలీదు, మందు మాత్రం ఆ బెరడే. రెండూ నిజాలే. ఒకదాన్ని చెప్పి ఇంకోటి దాచితే కథ అబద్ధం అయిపోతుంది.

స్ప్రూస్‌కి దక్కింది చాలా తక్కువ. 1861లో గుయాకిల్‌లో డబ్బు దాచుకున్న సంస్థ దివాలా తీసి, పొదుపంతా పోయింది. 1864లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఏడాదికి 50 పౌండ్ల పెన్షన్ ఇచ్చింది. చాలా ఏళ్ళకి ఇండియా ప్రభుత్వం ఇంకో 50 ఇచ్చింది. మిగిలిన జీవితమంతా యార్క్‌షైర్ పల్లెల్లో, ఎక్కువసేపు కూర్చోలేని ఒంటితో, ఓ చిన్న ఇంట్లో గడిచింది.

అలాంటి స్థితిలో ఆయన రాసిన పెద్ద పుస్తకం సింకోనా గురించి కాదు, అమెజాన్, ఆండీస్ లివర్‌వర్ట్‌ల గురించి. 1884-85లో వచ్చింది. వీటి వల్ల మనిషికి ఉపయోగం ఏంటి అనే ప్రశ్న ఆయనకి అంతగా నచ్చేది కాదు. పుట్టిన చోట అవి అందంగా బతుకుతున్నాయి, అది చాలనేది ఆయన అభిప్రాయం. 1893 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆయన ప్రయాణాల రాతల్ని మిత్రుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1908లో రెండు సంపుటాలుగా తెచ్చాడు.

ప్రతి చదువుకీ ప్యాకేజీ ఎంత అని అడిగే చోట చదువుతున్న మనకి ఆయన కొంచెం పిచ్చివాడిలా కనిపించొచ్చు. కానీ తోపో ఒడ్డున చూసిన ఆ లివర్‌వర్ట్ మళ్ళీ శాస్త్రవేత్తల కంటపడింది 2002లో, అంటే 145 ఏళ్ళకి. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉంది. ఆ రోజు వానలో, ఆకలితో, పెట్టెలు పోతాయేమోనన్న దిగుల్లో ఉన్న మనిషి వంగి చూశాడు కాబట్టే, కాపాడాల్సింది ఒకటుందని ఈ రోజు మనకి తెలుసు.