మిరపకాయ టపా, సర్కారు ప్రకటన

మాది చంద్రపూర్ జిల్లా బామ్ని, బల్లార్‌షా పక్కనే. బొగ్గు గనుల పనికి, కాగితం మిల్లు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. విశాఖ మన్యం మాకు దూరమే గానీ అల్లూరి సీతారామరాజు పేరు దూరం కాదు. ఆయన వీరత్వం మనమందరం చదువుకున్నదే. ఆయన చావు గురించి సర్కారు చెప్పిన మాట సంగతి నేను రాస్తున్నాను.

రాజు 1897 జులై 4న పాండ్రంగిలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, చదువు సరిగా సాగలేదు. 1917లో కృష్ణదేవిపేట చేరి సన్యాసిలా బతికాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక గిరిజనులకు పోడు కష్టమైంది. దానికి తోడు రోడ్డు పనుల్లో వెట్టి, అరకొర కూలీ. అర్జీలతో పని కాలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఏమేం తుపాకులు పట్టుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడు. తర్వాత తర్వాత వస్తున్నానని ముందే కబురు పంపేవాడు. దాన్నే మిరపకాయ టపా అన్నారు. దాచుకోవాల్సిన తిరుగుబాటుదారుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు!

మరి సర్కారో? 1924 మే 7న మంప దగ్గర రాజు దొరికాడు. కొయ్యూరులో మేజర్ గూడాల్ దగ్గరికి తెచ్చారు. కోర్టు లేదు, విచారణ లేదు. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం చెబుతుంది. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు ప్రకటించింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు కూడా నిండలేదు.

ప్రభుత్వం ఒక్కోసారి అబద్ధం ఆడక తప్పదు కదా అని మన క్లాసులోనే కొందరు అంటారు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు కూడా ప్రాణం మీదికి వస్తే బొంకవచ్చనే బలికి చెప్పాడు. సరే, ఒప్పుకుందాం. కానీ ఆ మినహాయింపు ప్రాణం కాపాడడానికి. కొయ్యూరు అబద్ధం ప్రాణం తీసిన సంగతి కప్పడానికి. యుద్ధంలో సైన్యం ఎటు కదులుతుందో చెప్పకపోవడం వేరు, అది దాచడం. తన చేతిలో బందీగా ఉన్న మనిషి ఎలా చచ్చాడో తప్పు చెప్పడం వేరు. అక్కడ సాక్షి, నిందితుడు, తీర్పరి అన్నీ సర్కారే. మనం ఎవరిని అడగాలి?

ఆ అబద్ధం సర్కారుకైనా కలిసొచ్చిందా? రాజు చావలేదని, ఎక్కడో సాధువుగా తిరుగుతున్నాడని జనం చాలాకాలం చెప్పుకున్నారు. అభిమానం ఒక కారణమే. సర్కారు మాట మీద నమ్మకం పోవడం రెండో కారణం అనుకుంటాను. అబద్ధంతో పాటు, చనిపోయాడన్న నిజాన్ని కూడా జనం నమ్మలేదు.

తెల్లవాళ్లు పోయారు గానీ ఆ ప్రశ్న పోలేదు. 2014లో మా మహారాష్ట్ర కేసులోనే సుప్రీంకోర్టు, పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఎఫ్ఐఆర్ రాయాలని, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ జరగాలని చెప్పింది. పోలీసుల మాటే చివరి మాట కాకూడదనే కదా! ప్రభుత్వానికి దాచే హక్కు కొంత ఉండొచ్చు. చావు గురించి బొంకే హక్కు మాత్రం లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?