నవాబు జఫర్ జంగుగారు

పాత ఛాయాచిత్రములను సేకరించువారు దర్బారు చిత్రములకు, వేట చిత్రములకు వెల పోయుదురు. నింగి చిత్రములను దలచువారరుదు. మారేడ్‌పల్లికి చేరువనున్న బేగంపేటలో అట్టివి తీయుటకు మూలపురుషుడు నవాబు జఫర్ జంగుగారు. ఆయన 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తమ యెస్టేటున వేధశాల నెలకొల్పి, దానికి నిజాము పేరు పెట్టిరి. తమ యనంతరము ప్రభుత్వము దానిని నడపవలెనని వేడుకొనిరి. ప్రభువుల ధనము దేనిదేనికి వ్యయమయ్యెనో యెఱిగిన మాకు ఈ వ్యయము ముచ్చట గొలుపును. ఆకాశమును చిత్రించుటకు 8 అంగుళముల కుక్ యంత్రమును గూడ సమకూర్చిరి గాని, 1907లో కాలధర్మము నొందుటచే దాని ఫలమును చూడరైరి. 1908లో ప్రభుత్వము వేధశాలను స్వీకరించెను. పిమ్మట బేగంపేటలో, లోకములోని వేధశాలలు పంచుకొన్న నక్షత్రపటమునకై, దక్షిణమున 17 మొదలు 23 అంశల వఱకు గల ఆకాశమును గాజుపలకలపై చిత్రించి లక్షలాది తారలను కొలిచిరి. తారల చలనమెంతయో తెలియుటకు నేటి చిత్రము ప్రక్క నాటి పలకయే యుండవలెను. అది పగిలిన, ఆ రాత్రిని మరల చిత్రించుట యెవరితరము?