దీవుల సీతాకోకచిలుకల లెక్క తేల్చిన వాలెస్



డార్విన్ గురించి మనమందరం సైన్సు పాఠంలో చదువుకున్నాం. ఆ పక్కనే వినిపించే ఇంకో పేరు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ఆయన జీవితం హాస్టల్లో ఉండి చదువుకునే మనలాంటి వాళ్లకు చాలా దగ్గరగా ఉంటుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం.

వాలెస్ 1823 జనవరి 8న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, అస్క్ అనే ఊరి దగ్గర జన్మించారు. తండ్రి ఆస్తి పోగొట్టుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పద్నాలుగేళ్లకే బడి మానేసి, పెద్దన్న విలియం దగ్గర భూముల సర్వే పని నేర్చుకున్నారు. కాలేజీ మెట్లెక్కలేదు. లైబ్రరీ పుస్తకాలే ఆయనకు గురువులు. 1844లో లెస్టర్ పట్టణంలో టీచరుగా చేరినప్పుడు, అక్కడి లైబ్రరీలోనే హెన్రీ బేట్స్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దరికీ పురుగులు, సీతాకోకచిలుకలంటే ప్రాణం.

1848లో ఇద్దరూ అమెజాన్ అడవులకు వెళ్లారు. నాలుగేళ్లు కష్టపడి వాలెస్ తిరిగి వస్తుండగా, 1852 ఆగస్టులో నడిసముద్రంలో ఓడ తగలబడింది. సేకరణలో ఎక్కువ భాగం బూడిదైంది. పది రోజులు చిన్న పడవలో గడిపాక మరో ఓడ వాళ్లు కాపాడారు. ఇంకొకరైతే అంతటితో ఆపేసేవారేమో. ఆయన మాత్రం 1854లో మళ్లీ బయలుదేరారు. ఈసారి సింగపూర్, బోర్నియో, ఇప్పటి ఇండోనేషియా దీవులు.

అక్కడ ఎనిమిదేళ్లు ఉన్నారు. జీతం లేదు. సేకరించిన వాటిలో కొన్నింటిని లండన్‌లో ఏజెంటు అమ్మి పంపే డబ్బే ఆధారం. ఒకపక్క జ్వరాలు, మరోపక్క ఎండబెట్టిన పురుగులను ఎత్తుకుపోయే చీమలు. వంటపనికి చేరిన అలీ అనే మలయా కుర్రాడు పని నేర్చుకుని, ఆయనకు కుడిభుజమయ్యాడు. మొత్తం 1,25,660 జీవుల నమూనాలు పోగయ్యాయి. వాటిలో సీతాకోకచిలుకలు, చిమ్మటలు కలిపి 13,100. నల్లటి రెక్కల మీద ఆకుపచ్చ ముక్కోణపు మచ్చలున్న ఒక పెద్ద సీతాకోకచిలుకను బోర్నియోలో చూసి, 1855లో దానిని వర్ణించి పేరు పెట్టారు. 1859లో బచాన్ దీవిలో బంగారు రంగు రెక్కల సీతాకోకచిలుక చేతికి చిక్కిన రోజు, సంతోషం తట్టుకోలేక ఆయనకు తలనొప్పి వచ్చేసిందట!

అయితే పట్టుకోవడం సగం పనే. ఏది ఏ జాతో తేల్చడమే అసలు పని. ఒకే జాతివి ఎన్నో నమూనాలు కావాలి. ఏ దీవిలో దొరికిందో చీటీ ఉండాలి. మగదో ఆడదో తెలియాలి. అప్పుడే రెక్కలు పక్కపక్కన పెట్టి పోల్చగలం.

దీనికి మంచి ఉదాహరణ మన నర్సీపట్నంలోనే ఉంది. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళిపురుగును మనం చూస్తూనే ఉంటాం. అదే పెద్దదై నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. మగదాని వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరస ఉంటుంది. ఆడవి మాత్రం మూడు రకాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది. మిగతా రెండూ ఎర్రమచ్చలతో, ఈశ్వరి తీగ తిని పెరిగే వేరే సీతాకోకచిలుకల్లా ఉంటాయి. ఆ తీగ విషం వల్ల వాటిని పక్షులు ముట్టవు. కాబట్టి ఆ వేషం వేసుకున్నవీ బతికిపోతాయి. రూపం చూసి పూర్వపు శాస్త్రవేత్తలు వీటిని వేర్వేరు జాతులుగా రాశారు. లిన్నేయస్ అంతటివాడు కూడా 1758లో మగదానికి ఒక పేరు, ఆడదానికి ఒక పేరు పెట్టాడు. అవన్నీ ఒకే తల్లి పిల్లలు కాగలవని వాలెస్ వివరించారు. మలయా దీవుల సీతాకోకచిలుకల మీద 1864లో లండన్‌లో చదివి, 1865లో అచ్చువేసిన ఆ వ్యాసం నేటికీ శాస్త్రవేత్తలకు ఆదర్శం.

ప్రకృతివరణం ఆలోచన కూడా ఆ దీవుల్లోనే, 1858లో జ్వరంతో పడుకుని ఉండగా వచ్చింది. దానిని రాసి డార్విన్‌కు పంపారు. ఆ జూలై 1న ఇద్దరి రచనలూ కలిపి లండన్ సభలో చదివారు. ఇంత చేసినా ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. పరీక్ష పేపర్లు దిద్ది కుటుంబాన్ని పోషించుకున్నారు. 1881లో డార్విన్ చొరవతో ఏడాదికి 200 పౌండ్ల పింఛను వచ్చింది. 1913 నవంబరు 7న, తొంభయ్యో ఏట కన్నుమూశారు.

మిత్రులారా! పైరంగు చూసి ఇది వేరు, అది వేరు అని గిరి గీయడం తేలిక. మనుషుల విషయంలో ఆ గీతలు ఎలా ఉంటాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పుట్టుక, పెంపకం, చోటు అన్నీ చూడకుండా తీర్పు చెప్పకూడదని బడి మానేసిన ఒక సర్వే కుర్రాడు పెద్ద పండితులకే నేర్పాడు. ఈసారి కరివేపాకు చెట్టు దగ్గర నల్లరెక్కలు కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగి చూద్దాం. చూసిన తేదీ, చోటు నోటుబుక్కులో రాసుకుందాం.