గిరిమిట్‌ను రద్దు చేయించిన పాదిరి

ఇంగ్లీషు పాదిరి కథ వ్యవసాయ కూలీలకెందుకని మిత్రులు మమ్మల్ని అడగొచ్చు. సముద్రం దాటించి మనిషిచేత బలవంతపు చాకిరీ చేయించే చట్టాన్ని దొరల ప్రభుత్వమే రద్దు చేసుకునేదాకా ఈయన వదిలిపెట్టలేదు. అందుకే చెప్తున్నాం.

చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్ 1871లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టారు. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీకి పంతులుగా వచ్చారు. 1914 జనవరిలో దక్షిణాఫ్రికా వెళ్లి, డర్బన్ రేవులో దిగుతూనే అందరి ఎదుట గాంధీ కాళ్లకు దండం పెట్టారు. అక్కడి తెల్లవాళ్లు మండిపడ్డారు.

బ్రిటిషు సామ్రాజ్యంలో 1833 చట్టంతో బానిసత్వం పోయింది. చెరకు తోటల యజమానులకు మాత్రం చాకిరీ పోకూడదు. అందుకని సంకెళ్ల చోట కాగితం పెట్టారు. అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట గిరిమిట్ అయింది. ఐదేళ్లు యజమాని చెప్పిన పని చేయాలి. పని మానితే అది మామూలు కూలి తగాదా కాదు, నేరం. జుల్మానా, జైలు. కిటుకంతా యిక్కడే వుంది. 1879 నుండి 1916 దాకా ఒక్క ఫిజీకే 60 వేలమందికి పైగా తీసుకుపోయారు. 1903 నుండి మద్రాసు రేవులోనూ ఓడ లెక్కించారు. అరవవారితో పాటు మన తెలుగు కూలీలూ పోయారు.

1915లో కలరా వచ్చి చావు తప్పించుకున్న మనిషి, ఆ ఏడాది చివర్లోనే మిత్రుడు పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్లారు. కంపెనీ లెక్కలు చూసి రాలేదు, కూలి లైన్లు తిరిగారు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గది, అందులో ముగ్గురు మగవాళ్లు. ఫిజీ కలకత్తా పక్కనే వుందని ఏజెంట్లు నమ్మించారట. రోజుకు షిల్లింగు కూలి అన్నారుగాని అక్కడ తిండి ధర ఎంతో చెప్పలేదు. నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లను పంపితే చాలని ప్రభుత్వమే లెక్క పెట్టింది. దాని ఫలితం హత్యలు, ఉరితాళ్లు. అయితే ఆ ఆడవాళ్ల నడతను గురించి ఆండ్రూస్ రాసిన తీరు మాకు నచ్చదు. దోషమంతా తోటల వాళ్లదేనని యింకా గట్టిగా రాయాల్సింది.

1916 మార్చిలో మాలవీయ శాసనసభలో తీర్మానం పెట్టారు. వైస్రాయి హార్డింజి సరేనన్నాడు. లోపల మాత్రం తోటల యజమానులకు యింకొన్నేళ్లు గడువివ్వాలని చూశారు. ఇది పసిగట్టి ఆండ్రూస్ ఊరూరా సభల్లో మాట్లాడారు. ఆడవాళ్లు వెళ్లి కొత్త వైస్రాయిని నిలదీశారు. 1917 మార్చిలో యుద్ధకాలపు చట్టం కింద కూలీల ఎగుమతి ఆపేశారు. అప్పటికే లైన్లలో వున్నవాళ్ల గతేమిటని ఆయన మళ్లీ ఫిజీ వెళ్లారు. 1920 జనవరి 1న మిగిలిన గిరిమిట్లన్నీ రద్దయ్యాయి.

ఆ తర్వాత రెండుసార్లు, 1925లోనూ 1927లోనూ, ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1940లో కలకత్తాలో కన్నుమూశారు.

చట్టం అక్కడ ఆగలేదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ ఒకే వాక్యంలో నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం అప్పుల్ని కొట్టేసింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించినా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షను మార్చి, బాధితుడు ఒప్పుకున్నాడన్న వాదన చెల్లదన్నారు. 2024 జులై నుండి అది కొత్త సంహితలో 143వ సెక్షను.

గిరిమిట్ యజమానులు చూపించింది ఆ ఒప్పుదలనే, వేలిముద్రనే. మొన్న ఒక ఇటుక బట్టీ నుండి పారిపోయి వచ్చిన జంట మా దగ్గర కూర్చున్నారు. వాళ్లు అడ్వాన్సు తీసుకుని ముద్ర వేసిన కాగితం మేస్త్రీ దగ్గరే వుంది.