చెవి చూపిన దారి



ఇటీవల వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటికి కుటుంబ ప్రార్థన కోసం వెళ్ళాను. ఆ ఇంటాయన జంపఖానాలు నేస్తాడు. ప్రార్థన ముగిశాక ఆయన కొడుకు పాత కీబోర్డు ఒకటి తెచ్చి చాప మీద పెట్టుకున్నాడు. అంతకుముందు ఆదివారం దివ్యబలిపూజలో పాడిన పాటను తప్పు లేకుండా వాయించాడు. ఎవరు నేర్పారురా అని అడిగితే ఎవరూ లేరు ఫాదర్ అన్నాడు. పాట విని, మీటలు ఒక్కొక్కటే వెతుక్కున్నాడట. నేను పెద్దరికానికి పోయి, ఇది పైపై విద్య, స్వరలిపి చదవడం రానిదే సంగీతం వచ్చినట్టు కాదు అనేశాను. తండ్రి ముఖం చిన్నబోయింది. ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

దారిలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గుర్తుకొచ్చారు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఆయన జీవితం చెప్పడం కన్నా నాకు వేరే దారి తోచలేదు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్ననాటి నుంచే చూపు మందం. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు ఆనవు, పుస్తకం కళ్ళకు ఆనించుకున్నా కష్టమే. చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ కాలంలో అలాంటి పిల్లవాడిని ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టి జాలిపడటమే చాలామందికి తెలిసిన పద్ధతి. కానీ ఆ ఇంట్లో ఫిడేలు ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టుకొని వాయించి వినిపించేవారు. తమ్ముడు విని తిరిగి వాయించేవాడు. ఆయన మొదటి బడి అదే.

ఇక్కడ కాస్త ఆగుదాం. పియానో మీద, కీబోర్డు మీద స్వరాలు ముందే కట్టి ఉంటాయి. వేలు సరైన మీట మీద పడితే స్వరం పలుకుతుంది. ఫిడేలు అలా కాదు. దాని మెడ మీద మెట్లు లేవు, గుర్తులు లేవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. కళ్ళున్నవాడికైనా అక్కడ కళ్ళు పనికిరావు, చెవి ఒప్పుకుంటేనే వేలు నిలవాలి. ఈ వాయిద్యం మన దేశానిది కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల వద్ద నేర్చుకొని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. అప్పటినుంచి అది ప్రధానంగా గాయకుడి పక్కన కూర్చొని, ఆయన పాడింది పాడినట్టు క్షణంలో పట్టుకొని వాయించే పక్కవాద్యం. ఫిడేలు విద్వాంసుడు అక్షరాలా వినికిడి మీద బతుకుతాడు.

నాయుడుగారి సాధన ఎవరినైనా భయపెట్టేదే. విన్నది ఒకసారి వాయించి సంతోషపడి ఊరుకోలేదు. దక్షిణాదిన పేరున్న విద్వాంసులను వినడం, ఇంటికొచ్చి ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ కమాను కింద తిప్పడం ఆయన పని. పాశ్చాత్యుల కమాను పట్టును కూడా శ్రద్ధగా గమనించి తనదిగా చేసుకున్నారు. వాయించే సమయం కంటే వినే సమయం ఎక్కువుండాలని శిష్యులకు చెప్పేవారట. స్వరలిపి తెలియకపోవడం వేరు, కష్టం తప్పించుకోవడం వేరు. కొత్తవాడలో నేను ఈ రెంటినీ ఒకటి చేశాను.

చెవి ఒక్కటే చాలునా అంటే, అమెరికాలో థామస్ విగ్గిన్స్ కథ ఉంది. 1849లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన గుడ్డి పిల్లవాడు. యజమాని ఇంట్లో పియానో విని, విన్నదల్లా వాయించాడు. 1860లో దేశాధ్యక్షుడి భవనంలో కూడా వాయించాడు. జనం అతణ్ణి వింతజంతువును చూసినట్టు చూశారు. అతడి సంపాదనంతా యజమానుల కుటుంబం అనుభవించింది. చెవిలో ఇద్దరికిద్దరే కావచ్చు. తేడా పక్కనున్న మనుషుల్లో ఉంది. ఇక్కడ ఒక అన్న ఉన్నాడు. తరువాత ఒక ఆదిభట్ల నారాయణదాసుగారు ఉన్నారు.

విజయనగరం మహారాజావారు 1919లో సంగీత కళాశాల స్థాపించారు. సంస్థానంలోని ఒక ఉద్యోగి కొడుకు అంధుడు కావడం వల్ల, అతని కోసమే రాజావారు దాన్ని తలపెట్టారని చెప్పుకుంటారు. హరికథా పితామహులు నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరడానికే వెళ్ళారట. దాసుగారు ఫిడేలు విని, చేర్చుకోవడం మాట అటుంచి, అధ్యాపకుడిగా నియమించారు. అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరేళ్ళు. ఏ పట్టా చూడకుండా విని నిర్ణయించిన దాసుగారి చెవికి కూడా దణ్ణం పెట్టాలి. మనం ఉపదేశులను, గాయక బృందాలను ఎంచుకునేటప్పుడు కాగితాలు తిరగేసినంతసేపు వింటున్నామా?

1936లో నాయుడుగారే ఆ కళాశాల అధ్యక్షులయ్యారు. చేతిలో డబ్బులేక, సెలవుల్లో అక్కడికి చేరిన ఘంటసాల అనే కుర్రవాడిని కళాశాల ఆవరణలో తలదాచుకోనిచ్చింది ఆయనేనంటారు. 1938లో వెల్లూరులో ఫిడేలును పక్కవాద్యంగా కాక, ముందు కూర్చోబెట్టి కచేరీ చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నారు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

గురువిద్యాలయంలో మాకు తత్వశాస్త్రం చెప్పినప్పుడు ఇంద్రియాల్లో చూపుకే పెద్దపీట వేశారు. కానీ పునీత తోమా అక్వినాసువారు దివ్యసత్ప్రసాదం గూర్చి కట్టిన కీర్తనలో చూపు, స్పర్శ, రుచి మోసపోయే చోట వినికిడినే నమ్ముకున్నారు. పునీత పౌలుగారు రోమీయులకు రాస్తూ విశ్వాసానికి వినడమే మూలమన్నారు. పరీక్షల కోసం ఇవన్నీ చదివినవాణ్ణే. చాప మీద కూర్చున్న పిల్లవాడి ముందు ఒక్కటీ గుర్తురాలేదు.

మొన్న మళ్ళీ కొత్తవాడ వెళ్ళాను. మొదట తండ్రిని క్షమాపణ అడిగాను. ఆయన నవ్వి, మగ్గంలో పోగు తెగితే తనకు కూడా చప్పుడులోనే ముందు తెలుస్తుందన్నాడు. పిల్లవాడికి ఫోనులో నాయుడుగారి ఫిడేలు వినిపించాను. తల వంచుకొని మూడుసార్లు విన్నాడు. కీబోర్డు మీద చాలాసేపు వెతికి, ఒకచోట స్వరం దొరకడం లేదు ఫాదర్ అన్నాడు. రెండు మీటల నడుమ ఎక్కడో ఊగుతోందట. అది కీబోర్డులో ఉండదని చెప్పాను. అయితే ఫిడేలు ఎంతకు దొరుకుతుందని తండ్రిని అడుగుతున్నాడు.